పొట్టలో యాసిడ్ ఊరమని ఎవరు చెబుతారు, ఆపమని ఎవరు చెబుతారు?

ఈ మధ్య నలుగురు కూర్చున్న చోటల్లా బరువు తగ్గించే ఇంజెక్షన్ల మాటే నడుస్తోంది. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన మార్కెట్లోకి వచ్చిన దగ్గర్నుంచీ ప్రశ్నలు ఆగడం లేదు. షుగర్ కోసం పుట్టిన మందు బరువెలా తగ్గిస్తుంది, రెండు ముద్దలకే కడుపు నిండినట్టు ఎందుకుంటుంది, పాంక్రియాస్ పాడవుతుందని ఎవరో వీడియోలో చెప్పారు నిజమేనా, ఇలా. ఇంకోపక్క మా పెద్దనాన్న ఉన్నారు. పదేళ్ళ పైగా పరగడుపునే, పొట్టలో యాసిడ్ తగ్గించే పాంటోప్రజోల్ మాత్ర వేసుకుంటారు, ఏ పెళ్ళికో వెళ్తూ మాత్రలు ఇంట్లో మర్చిపోతే మూడు నాలుగు రోజుల్లో గుండెల్లో మంట మొదలై, "చూశావుట్రా, ఇది లేకపోతే బతకలేనట్టు అయిపోయాను" అంటారు.

చూడ్డానికి రెండిటికీ సంబంధం లేదు. కానీ వెనకున్న ఏర్పాటు ఒకటే. పొట్టలో, పాంక్రియాస్‌లో ఏ రసం ఎప్పుడు ఊరాలి, ఎంత ఊరాలి, ఎప్పుడు ఆగాలి అని చెప్పే కబుర్లు కొన్ని ఒంట్లో నిరంతరం తిరుగుతుంటాయి, ఈ మందులన్నీ ఆ కబుర్లలోనే వేలు పెడతాయి. స్విచ్ వేస్తే లైటు వెలిగినట్టు పనిచేసే వ్యవహారం కాదు గనక, ఒక తీగ కత్తిరిస్తే ఇంకో తీగ ఎందుకు బిగుస్తుందో అర్థం కావాలంటే కొంచెం మొదట్నుంచీ రావాలి.

## కబురు మూడు రకాలుగా వెళ్తుంది

పాంక్రియాస్‌ని మన పాఠ్యపుస్తకాల్లో క్లోమం అంటారు. పొట్ట వెనక అడ్డంగా పడుకుని ఉండే, మామూలుగా వంద గ్రాములు కూడా తూగని గ్రంథి. రోజుకి లీటరు పైనే రసం తయారుచేసి గొట్టం గుండా చిన్నపేగు మొదటి భాగంలోకి, అంటే ఆంత్రమూలంలోకి పంపుతుంది. సరుకుని గొట్టంలో పంపకుండా నేరుగా రక్తంలోకి వదిలే గ్రంథుల్ని వినాళ గ్రంథులు అంటారు. పాంక్రియాస్ ఈ రెండు పనులూ చేస్తుంది, కాకపోతే ఇన్సులిన్, దానికి ఎదురుగా రక్తంలో షుగర్‌ని పెంచే గ్లూకగాన్ తయారుచేసే వినాళ భాగం మొత్తం గ్రంథిలో ఒకటి రెండు శాతమే. మిగతాదంతా జీర్ణరసాల ఫ్యాక్టరీ. షుగర్ జబ్బు పుణ్యమా అని ఆ రెండు శాతానికే పేరంతా వచ్చింది.

ఇక కబుర్ల సంగతి. నాడి ద్వారా వెళ్ళే కబురు ఫోన్ చేసినట్టు, ఒక మనిషికే, వెంటనే చేరుతుంది. మెదడు నుంచి పొట్ట దాకా దిగే వేగస్ నాడి ఇక్కడ ఆ పని చేస్తుంది. హార్మోన్ అంటే ఊళ్ళో దండోరా: రక్తంలో పడి ఊరంతా తిరుగుతుంది, అందరి గడప ముందూ వినిపిస్తుంది, కానీ ఆ కబురు ఎవరికోసమో వాళ్ళే లేచి వస్తారు. కణం మీద ఆ హార్మోన్‌ని పట్టుకునే గ్రాహకం ఉంటే స్పందన ఉంటుంది, లేకపోతే లేదు. మూడోది గోడ మీంచి పక్కింటావిడకి చెప్పే కబురు. ఒక కణం వదిలిన రసాయనం రక్తం దాకా పోకుండానే పక్క కణానికి తగులుతుంది. పొట్టలో ఈ పక్కింటి కబుర్లు చాలా ఎక్కువ, అసలు కథంతా అక్కడే ఉంటుంది కూడా.

## 1902 జనవరి 16: నాడులు కోసేసినా పాంక్రియాస్ పనిచేసింది

అప్పటికి పావ్లోవ్ మాటే వేదం. గంట కొడితే లాలాజలం కార్చిన కుక్కల పావ్లోవే, కానీ ఆయనకి 1904లో నోబెల్ వచ్చింది గంటకి కాదు, జీర్ణక్రియ మీద చేసిన పనికి. జీర్ణరసాలన్నీ నాడుల ఆజ్ఞ మీదే ఊరతాయని ఆయన ప్రయోగశాల నమ్మకం.

లండన్‌లో యూనివర్సిటీ కాలేజీలో బేలిస్, స్టార్లింగ్ అని ఇద్దరు దీన్ని పరీక్షించారు. స్టార్లింగ్ చెల్లెలో అక్కో బేలిస్ భార్య, అంటే మన లెక్కలో బావ, బావమరిది కలిసి చేసిన ప్రయోగం అన్నమాట. మత్తులో ఉన్న కుక్క చిన్నపేగులో ఒక ముక్కకి వెళ్ళే నాడులన్నీ కోసేసి, రక్తనాళాలు మాత్రం ఉంచి, ఆ ముక్కలో కాస్త పలచని యాసిడ్ పోశారు. నాడులు లేవు కాబట్టి కబురు వెళ్ళకూడదు. కానీ ఒకటి రెండు నిమిషాల్లో పాంక్రియాస్ నుంచి రసం చుక్కలు చుక్కలుగా మొదలైంది. అప్పుడు పేగు లోపలి పొరని గీకి, ఇసుక, యాసిడ్ వేసి నూరి, వడగట్టి, మెడ దగ్గర సిరలోకి ఎక్కించారు. మళ్ళీ రసం వచ్చింది.

రక్తంలో ఏదో వెళ్ళి చెప్పింది కాబట్టే కదా. దానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. మూడేళ్ళ తర్వాత, 1905లో, ఇలాంటి పదార్థాలన్నిటికీ కలిపి స్టార్లింగ్ 'హార్మోన్' అన్న మాట వాడారు, గ్రీకులో ప్రేరేపించడం, కదిలించడం అన్న అర్థంలోంచి. మనం ఇవాళ ఇన్సులిన్, థైరాయిడ్, ఈస్ట్రోజెన్ అంటూ వాడే మాట పుట్టింది ఈ పేగు వల్లే. పావ్లోవ్ తన దగ్గర ప్రయోగం మళ్ళీ చేయించి చూసుకుని, కాసేపు తన గదిలోకి వెళ్ళిపోయి, తిరిగొచ్చి వాళ్ళే కరెక్టని ఒప్పుకున్నారని ఆయన శిష్యులు చెబుతారు.

అయితే పావ్లోవ్ పూర్తిగా తప్పు కాదు. అది ముందు ముందు తెలుస్తుంది.

## కోడికూర వాసన దగ్గర్నుంచి: పొట్టలో ఏం జరుగుతుంది

ఆదివారం మధ్యాహ్నం అనుకోండి. వంటింట్లోంచి కోడికూర తాలింపు వాసన వస్తోంది, మీరు ఇంకా ముద్ద ముట్టలేదు. అయినా మెదడు నుంచి వేగస్ మీద ఫోన్ వెళ్ళిపోయింది. ఒక భోజనానికి ఊరే యాసిడ్‌లో ఇంచుమించు మూడో వంతు ఈ చూపు, వాసన, నమలడం దశలోనే వస్తుందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. నోరూరుతోంది అంటాం గానీ అదే సమయానికి కడుపు కూడా ఊరుతోంది.

పొట్ట గోడలో నాలుగు రకాల కణాల్ని గుర్తుపెట్టుకుంటే చాలు. యాసిడ్ తయారుచేసేవి ప్యారైటల్ కణాలు. పొట్ట చివర, పేగు వైపు ఉండి గ్యాస్ట్రిన్ అనే హార్మోన్ వదిలేవి జీ కణాలు. హిస్టమిన్ వదిలేవి ఈసీఎల్ కణాలు. సొమాటోస్టాటిన్ అనే బ్రేకు వేసేవి డీ కణాలు.

ఇప్పుడు అన్నం, కూర లోపలికి వెళ్ళాయి. అప్పటిదాకా పొట్టలో ఉన్న కొద్దిపాటి యాసిడ్ చాలా ఘాటుగా ఉంటుంది, పీహెచ్ 1 నుంచి 2 దాకా. పీహెచ్ అంకె ఒకటి పెరిగితే ఘాటు పదో వంతుకి పడిపోతుంది. అన్నంలో, మాంసంలో ఉన్న పదార్థాలు యాసిడ్‌ని పీల్చుకుని పీహెచ్‌ని 4 దాకా తీసుకెళ్ళాయనుకుంటే, 1 నుంచి 4కి వెళ్ళడమంటే ఘాటు వెయ్యి రెట్లు తగ్గడం. డీ కణాలు కాలుతున్న యాసిడ్‌ని చూసి బ్రేకు తొక్కి ఉంచుతాయి, యాసిడ్ పలచబడగానే కాలు తీసేస్తాయి. బ్రేకు పోయింది, మాంసకృత్తుల ముక్కలు తగులుతున్నాయి, వేగస్ ఎలాగూ పురమాయిస్తోంది, పొట్ట సాగుతోంది, ఇంకేం, జీ కణాలు గ్యాస్ట్రిన్ వదులుతాయి. అది రక్తంలో ఒక చుట్టు తిరిగి మళ్ళీ పొట్టకే వస్తుంది. ప్యారైటల్ కణాలున్నది పొట్ట పైభాగంలో, గ్యాస్ట్రిన్ పుట్టేది కింది భాగంలో. ఒకే ఇంట్లో కింది వాటా నుంచి పై వాటాకి ఉత్తరం పోస్టులో వేసినట్టు ఉంటుంది.

అన్నం అరిగేకొద్దీ యాసిడ్‌ని పీల్చుకునే పదార్థం తగ్గుతుంది, పీహెచ్ మళ్ళీ పడుతుంది. 3 కిందికి వచ్చేసరికి డీ కణాలు మళ్ళీ బ్రేకు మీద కాలు వేస్తాయి, గ్యాస్ట్రిన్ తగ్గుతుంది, ఇంకా దిగితే దాదాపు ఆగిపోతుంది. అంటే యాసిడ్‌ని ఆపే మొదటి కబురు యాసిడే.

మంటగా ఉంటే ఓ గ్లాసు చల్లటి పాలు తాగమనే ఇంటి వైద్యాన్ని ఈ లెక్కలో పెట్టి చూడండి. పాలు తాగగానే యాసిడ్ పలచబడి హాయిగా ఉంటుంది, అది నిజం. కానీ పాలల్లో మాంసకృత్తులూ కాల్షియమూ రెండూ ఉన్నాయి, రెండూ గ్యాస్ట్రిన్‌ని పిలిచేవే. కాసేపటికి మళ్ళీ యాసిడ్ ఊరుతుంది. ఒకప్పుడు అల్సర్ రోగులకి గంటగంటకీ పాలు పట్టించేవారు, ఆ పద్ధతి మూలబడటానికి ఇదొక కారణం.

## గ్యాస్ట్రినా, హిస్టమినా? అరవై ఏళ్ళ తగువు

గ్యాస్ట్రిన్‌ని ఊహించింది ఎడ్కిన్స్ అనే ఆయన, 1905లోనే. పొట్ట కింది భాగం పొరని నూరి ఎక్కిస్తే యాసిడ్ ఊరుతోందని చూపించారు. పాపం, ఆయన టైం బాలేదు. కొన్నేళ్ళకే హిస్టమిన్ అనే పదార్థం కూడా యాసిడ్‌ని ఊరిస్తుందని, అది పొట్టలోనే కాదు ఒంట్లో చాలా చోట్ల ఉంటుందని తేలింది. దాంతో ఎడ్కిన్స్ చూసింది హిస్టమిన్ పనే, గ్యాస్ట్రిన్ లేదు గీస్ట్రిన్ లేదు అని కొట్టిపారేశారు. 1938లో కొమరోవ్ హిస్టమిన్ లేని సారంతో కూడా యాసిడ్ ఊరించి చూపినా అనుమానాలు పోలేదు. చివరికి 1964లో లివర్‌పూల్‌లో గ్రెగరీ, ట్రేసీ పందుల పొట్టల్లోంచి 17 అమైనో ఆమ్లాల గ్యాస్ట్రిన్‌ని శుద్ధంగా తీశాకగానీ ఒప్పుకోలేదు. అప్పటికి ఎడ్కిన్స్ పోయి పాతికేళ్ళు కావస్తోంది.

నాకు ఇందులో నచ్చేదేంటంటే, చివరికి ఇద్దరూ కరెక్టే. గ్యాస్ట్రిన్ ఎక్కువ పని చేయించేది ఈసీఎల్ కణాల చేత హిస్టమిన్ వదిలించి. దండోరా వినగానే పక్కింటావిడ గోడ మీంచి అరుస్తుంది, ఆ అరుపుకి ప్యారైటల్ కణం లేస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ప్యారైటల్ కణం మీద మూడు గ్రాహకాలు ఉంటాయి, హిస్టమిన్‌కి, గ్యాస్ట్రిన్‌కి, వేగస్ వదిలే అసిటైల్‌కోలిన్‌కి. వీటి బలాలు కూడుకోవు, ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. ఊరికే అర్థం కావడానికి అంకెలు వేసుకుందాం, ఇవి కొలిచినవి కావు: హిస్టమిన్ ఒక్కటే ఉంటే 10, నాడి కబురు ఒక్కటే ఉంటే 5 అనుకోండి. రెండూ కలిస్తే 15 రావాలి కదా, 30 వస్తుంది. ఇప్పుడు హిస్టమిన్ గ్రాహకాన్ని మూసేశాం. 30లోంచి 10 పోయి 20 మిగలదు, 5కి పడిపోతుంది. రానిటిడిన్, ఫామోటిడిన్ లాంటి మాత్రలు ఒక్క హిస్టమిన్ దారినే మూసినా మొత్తం యాసిడ్‌ని అంతగా ఎందుకు తగ్గిస్తాయో ఈ లెక్కలో ఉంది.

ఎవరు పిలిచినా చివరికి కదిలేది ఒకే పంపు. పొటాషియంని లోపలికి తీసుకుని హైడ్రోజన్‌ని బయటికి తోసే ప్రోటాన్ పంపు. రక్తం పీహెచ్ 7.4, పంపు బయటికి తోసేచోట 1 అనుకున్నా, తేడా 25 లక్షల రెట్లు. అంత ఎత్తుకి తోయాలంటే కణానికి ఇంధనం లాంటి ఏటీపీ ఖర్చవుతుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1929లో ఫిస్క్‌తో కలిసి వెలికితీసింది ఈ ఏటీపీనే. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ కట్టేసేది ఆ పంపుని.

## పొట్ట దాటాక: ఒకరిది నీళ్ళు, ఒకరిది కత్తులు

పొట్టలో పప్పుచారులా అయిన అన్నం కొంచెం కొంచెంగా ఆంత్రమూలంలోకి దిగుతుంది. పేగుకి పొట్టకున్నంత మందపాటి జిగురు కవచం లేదు, అంత యాసిడ్‌ని తట్టుకోలేదు. అక్కడ పీహెచ్ 4.5 కిందికి రాగానే పేగు గోడలోని కణాలు సెక్రెటిన్ వదులుతాయి. అది పాంక్రియాస్ గొట్టాల గోడకున్న కణాలకి తగిలి, బైకార్బొనేట్ నిండిన నీళ్ళు ధారగా వస్తాయి. మన వంటసోడాలో ఉన్నదదే. యాసిడ్ చల్లబడుతుంది, పీహెచ్ పెరుగుతుంది, సెక్రెటిన్ ఆగుతుంది. అదే సమయంలో సెక్రెటిన్ పొట్టకి కూడా నిదానించమని చెబుతుంది.

మాంసం, నెయ్యి దిగినప్పుడు ఇంకో హార్మోన్ వస్తుంది, కోలిసిస్టోకైనిన్. నోరు తిరగదు, అందరూ సీసీకే అంటారు. ఇది పాంక్రియాస్‌లో గుత్తుల్లా ఉండే కణాల చేత ఎంజైములు వదిలిస్తుంది: పిండిపదార్థానికి అమైలేజ్, కొవ్వుకి లైపేజ్, మాంసకృత్తులకి ట్రిప్సిన్. ట్రిప్సిన్ పాంక్రియాస్‌లో ఒరలో కత్తిలా నిద్రావస్థలో ఉంటుంది, పేగులోకి వచ్చాకే ఒర తీస్తారు. లోపలే తీస్తే పాంక్రియాస్ తనని తానే అరిగించుకుంటుంది, ప్యాంక్రియాటైటిస్ అంటే అదే.

సీసీకే పేరుకి అర్థం పిత్తాశయాన్ని, అంటే పైత్యరసం నిలవుండే గాల్ బ్లాడర్ సంచిని, కదిలించేది అని. 1928లో ఐవీ, ఓల్డ్‌బర్గ్ ఆ పని చూసి ఆ పేరు పెట్టారు. 1943లో హార్పర్, రేపర్ పాంక్రియాస్ ఎంజైముల్ని ఊరించే ఒక హార్మోన్ కనిపెట్టి పాంక్రియోజైమిన్ అన్నారు. స్వీడన్‌లో యోర్పెస్, మట్ రెండిటినీ శుద్ధి చేస్తూ పోతే ఇద్దరూ ఒకరే అని తేలింది, పగలు మాస్టారు రాత్రి హార్మోనిస్టు అన్నట్టు. పిత్తాశయంలో రాళ్ళున్నవాళ్ళకి బిర్యానీ తిన్న గంటకో రెండు గంటలకో కుడి డొక్కలో నొప్పి రావడంలో సీసీకే చేయి ఉంది: కొవ్వు దిగింది, సీసీకే వచ్చింది, సంచి ముడుచుకుంది, రాయి వెళ్ళి మూతికి అడ్డం పడింది.

సెక్రెటిన్, సీసీకే కూడా ఒకదాన్నొకటి పెంచుకునేవే. విడివిడిగా ఇస్తే వచ్చేదాని మొత్తం కన్నా కలిపి ఇస్తే ఎక్కువ బైకార్బొనేట్ వస్తుంది. ఇంకో సరదా లెక్క కూడా ఉంది. పొట్ట ఒక హైడ్రోజన్‌ని బయటికి తోసిన ప్రతిసారీ ఒక బైకార్బొనేట్‌ని రక్తంలోకి వదులుతుంది, అందుకే భోజనం తర్వాత పొట్ట నుంచి వచ్చే రక్తం కాస్త క్షారంగా ఉంటుంది. పాంక్రియాస్ సరిగ్గా తిరగేసి చేస్తుంది, బైకార్బొనేట్‌ని పేగులోకి, యాసిడ్‌ని రక్తంలోకి. పొట్ట అప్పు చేసింది, పాంక్రియాస్ తీర్చింది. ఆగకుండా వాంతులయ్యేవాళ్ళకి రక్తం క్షారంగా మారేది ఈ ఖాతా సగంలో తెగిపోవడం వల్లే, యాసిడ్ బయటికి పోయింది, తీర్చే పద్దు మొదలవ్వలేదు.

## సీసీకే దండోరానా, ఫోనా?

1902 తగువు మళ్ళీ వచ్చింది, ఇంకో రూపంలో. ఎలుకల పాంక్రియాస్ కణాల మీద సీసీకే పడితే అవి ఎంజైములు వదులుతాయి, సందేహం లేదు. మనుషుల్లో మాత్రం 1990ల నుంచి కొందరు పరిశోధకులు, మన కణాల మీద ఆ గ్రాహకం ఉన్నట్టే లేదు, సీసీకే వేగస్ నాడి కొసల్ని తాకుతుంది, ఆ నాడి మెదడుకి చెప్పి, మెదడు తిరిగి పాంక్రియాస్‌కి చెబుతుంది అన్నారు. వాళ్ళ ఆధారం బలమైనదే: నాడి కబురుని ఆపే అట్రోపిన్ ఇస్తే మనుషుల్లో సీసీకే ప్రభావం చాలావరకు పోతుంది. తర్వాత 2008లో, మనిషి పాంక్రియాస్ నుంచి తాజాగా తీసిన కణాల్ని జాగ్రత్తగా పరీక్షించినవాళ్ళు నేరుగానే స్పందిస్తున్నాయని చూపించారు.

మామూలు భోజనం తర్వాత రక్తంలో ఉండే కొద్దిపాటి మోతాదులో నాడి దారే ముఖ్యం, నేరు దారి కూడా ఉంది కానీ దాని వాటా ఎంతన్నది తేలాలి అన్న చోట ప్రస్తుతం వాదన ఆగింది. పావ్లోవ్ పూర్తిగా తప్పు కాదన్నది ఇందుకే.

## గ్లూకోజ్ నోట్లో పోస్తే ఒక లెక్క, సిరలోకి ఎక్కిస్తే ఇంకో లెక్క

ఒక మనిషికి గ్లూకోజ్ నీళ్ళు తాగించారు. రక్తంలో షుగర్ ఏ నిమిషానికి ఎంత పెరిగిందో రాసుకున్నారు. ఇంకో రోజు అదే మనిషికి, రక్తంలో షుగర్ సరిగ్గా అదే గీత మీద నడిచేలా, సెలైన్ బాటిల్‌తో సిరలోకి గ్లూకోజ్ ఎక్కించారు. పాంక్రియాస్‌కి కనిపించే షుగర్ రెండు రోజులూ ఒకటే కాబట్టి ఇన్సులిన్ కూడా ఒకటే రావాలి. రాదు. తాగిన రోజు 100 పాళ్ళు వస్తే, ఎక్కించిన రోజు 30 నుంచి 50 పాళ్ళే. ఆ తేడా అంతా పేగు చెప్పిన కబురు. దీన్ని ఇన్‌క్రెటిన్ ప్రభావం అంటారు, చేసేవి ముఖ్యంగా రెండు హార్మోన్లు, జీఐపీ, జీఎల్‌పీ-1. టైప్ 2 షుగర్ ఉన్నవాళ్ళలో ఈ ప్రభావం బాగా సన్నగిల్లుతుంది.

జీఐపీని మొదట కనిపెట్టినప్పుడు అది పొట్ట యాసిడ్‌ని ఆపుతుందని చూసి ఆ అర్థంలోనే పేరు పెట్టారు, తర్వాత ఇన్సులిన్ పని బయటపడ్డాక అదే పొడి అక్షరాలు నిలిచేలా పేరు మార్చారు. జీఎల్‌పీ-1 అయితే ఇన్సులిన్‌ని పెంచుతుంది, గ్లూకగాన్‌ని తగ్గిస్తుంది, పొట్ట ఖాళీ అవడాన్ని నెమ్మదింపజేస్తుంది, యాసిడ్‌ని తగ్గిస్తుంది, మెదడుకి చాలు అని చెబుతుంది. అన్నీ ఒకే కబురు: పేగులో సరుకు దిగింది, పైనుంచి పంపడం ఆపండి. షుగర్ మందు బరువు ఎందుకు తగ్గిస్తుందన్న ప్రశ్నకి సగం జవాబు ఇదే. పైగా షుగర్ మామూలుగా ఉంటే ఇది ఇన్సులిన్‌ని పెద్దగా కదిలించదు.

చిక్కల్లా ఏంటంటే ఒంట్లో పుట్టే జీఎల్‌పీ-1 ఆయుష్షు రెండు నిమిషాలు. డీపీపీ-4 అనే ఎంజైము దాన్ని కోసేస్తుంది. ఆ కత్తెరని పట్టుకునేవి మన దగ్గర బాగా రాసే సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్ మాత్రలు. కత్తెరకి దొరకని జీఎల్‌పీ-1 లాంటిదాన్ని తయారుచేయడం రెండో దారి. అమెరికా ఎడారుల్లో ఉండే గిలా మాన్‌స్టర్ అనే బల్లి విషంలో అలాంటిది దొరికి, దాన్నుంచి 2005లో మొదటి మందు వచ్చింది. వెగోవీలో ఉండే సెమాగ్లుటైడ్ అయితే వారం తర్వాత కూడా సగం మిగిలే ఉంటుంది. మౌంజారోలో ఉండే టిర్జెపటైడ్ జీఐపీ, జీఎల్‌పీ-1 రెండు గ్రాహకాల్నీ తడుతుంది. రెండు నిమిషాల కబురుని వారం పాటు ఆగకుండా వినిపిస్తే వికారం, వాంతులు, రెండు ముద్దలకే కడుపు నిండటం వింతేమీ కాదు.

## బ్రేకు తెగితే

1955లో అమెరికాలో జోలింజర్, ఎలిసన్ అనే సర్జన్లు ఎన్నిసార్లు ఆపరేషన్ చేసినా తిరగబెట్టే అల్సర్ రోగుల గురించి రాశారు. తప్పు పొట్టలో లేదు, పాంక్రియాస్‌లో గడ్డ ఉంది. ఆ గడ్డ గ్యాస్ట్రిన్‌ని కుమ్మరిస్తుంది, దానికి డీ కణాల మాట వినపడదు, యాసిడ్ ఎంత ఉన్నా లెక్కలేదు. ఈ జబ్బుని పట్టుకునే పరీక్ష కూడా తమాషాగా ఉంటుంది: సెక్రెటిన్ ఎక్కిస్తే మామూలు మనిషిలో గ్యాస్ట్రిన్ తగ్గాలి లేదా కదలకుండా ఉండాలి, గడ్డ ఉన్నవాళ్ళలో ఎగిసిపడుతుంది.

అది చాలా అరుదు. హెలికోబ్యాక్టర్ పైలోరీ అరుదు కాదు, మన దేశంలో చాలామంది పొట్టల్లో ఉంటుంది. 1984లో బ్యారీ మార్షల్ దాన్ని తనే తాగి కడుపు చెడగొట్టుకుని నిరూపించారు, 2005లో వారెన్‌తో కలిసి నోబెల్ అందుకున్నారు. ఈ బ్యాక్టీరియా పొట్ట కింది భాగంలో కాపురం పెడితే డీ కణాల బ్రేకు బలహీనపడి, గ్యాస్ట్రిన్ పెరిగి, యాసిడ్ పెరిగి, ఆంత్రమూలంలో పుండు పడుతుంది. పైభాగానికి పాకి ప్యారైటల్ కణాల్ని పాడుచేస్తే యాసిడ్ తగ్గిపోతుంది, అప్పుడు ఆంత్రమూలం పుండు భయం తగ్గి పొట్ట క్యాన్సర్ భయం పెరుగుతుంది. బ్యాక్టీరియా ఒకటే, ఏ వాటాలో దిగిందన్నదాన్ని బట్టి జబ్బు.

## పెద్దనాన్న మాత్ర అలవాటైపోయిందా?

పంపు కట్టేశారు, యాసిడ్ లేదు. డీ కణాల వైపు నుంచి చూస్తే బ్రేకు తొక్కే కారణమే లేదు. కాబట్టి గ్యాస్ట్రిన్ పెరుగుతుంది, రోజూ, నెలల తరబడి. గ్యాస్ట్రిన్ కబురు చెప్పడమే కాదు, ఈసీఎల్ కణాల్ని పెంచి పోషిస్తుంది కూడా. మాత్ర ఆపితే పంపులు రెండు మూడు రోజుల్లో తిరిగొస్తాయి, పెరిగిన ఈసీఎల్ సైన్యం మాత్రం వారాల పాటు అక్కడే ఉంటుంది. ముందుకన్నా ఎక్కువ యాసిడ్ ఊరుతుంది.

2009లో డెన్మార్క్‌లో అసలు మంటే లేని 120 మంది ఆరోగ్యవంతుల్ని తీసుకుని, సగం మందికి ఎనిమిది వారాలు పాంటోప్రజోల్ జాతిదే అయిన ఈసోమెప్రజోల్ ఇచ్చి ఆపారు, మిగతావాళ్ళకి మొదట్నుంచీ మందు లేని ఉత్తి మాత్ర. తర్వాతి వారాల్లో మందు వాడినవాళ్ళలో 44 శాతం మందికి మంట, పుల్లటి తేన్పులు లాంటివి వచ్చాయి, ఉత్తి మాత్ర వాళ్ళలో 15 శాతం మందికి. మాత్రే జబ్బు తెచ్చిపెట్టిందని దీన్ని చూపేవాళ్ళున్నారు. కాదనేవాళ్ళ మాటా తీసిపారేసేది కాదు: నిజంగా రిఫ్లక్స్, అంటే యాసిడ్ పైకి తన్నే జబ్బు ఉన్నవాళ్ళలో మంట తిరిగొస్తే అది పాత జబ్బే అయ్యుండొచ్చు, అలాంటివాళ్ళ మీద చేసిన అధ్యయనాల్లో ఫలితం ఒకేలా రాలేదు. పెద్దనాన్న విషయంలో రెండిట్లో ఏదన్నది మాత్ర ఆపిన మూడు నాలుగు రోజులకి వచ్చే మంటని చూసి చెప్పలేం. వ్యసనం అన్న మాట మాత్రం ఇక్కడ అతకదు, ఇది బ్రేకు లేకుండా పరిగెత్తిన బండి కాసేపు ఆగకపోవడం.

## ఇంజెక్షన్లు, పాంక్రియాస్: ఎవరేమంటున్నారు

జీఎల్‌పీ-1 లాంటి మందుల్లో మొదటి తరం వచ్చాక ప్యాంక్రియాటైటిస్ కేసులు నమోదయ్యాయి, భయం అక్కడ మొదలైంది. భయపడేవాళ్ళ వాదన ఇదీ: జీఎల్‌పీ-1 గ్రాహకాలు పాంక్రియాస్‌లో ఉన్నాయి, మందు వాడేవాళ్ళ రక్తంలో అమైలేజ్, లైపేజ్ కాస్త పెరుగుతున్నాయి, ఏదో కదులుతోందనేగా. అటువైపువాళ్ళు చెప్పేదేంటంటే, షుగర్, ఊబకాయం ఉన్నవాళ్ళకి ఏ మందూ లేకపోయినా ఆ జబ్బు ఎక్కువే వస్తుంది, వేలమందితో చేసిన పెద్ద ప్రయోగాల్లో మందు వాడినవాళ్ళకీ వాడనివాళ్ళకీ స్పష్టమైన తేడా రాలేదు. అమెరికా, యూరప్ ఔషధ నియంత్రణ సంస్థలు 2014లో కలిసి, ఉన్న ఆధారాలతో ఈ మందులే కారణమని చెప్పలేమని, అలాగని విషయం ముగిసిందనీ అనలేమని రాశాయి. మందుతో వచ్చే సమాచార పత్రంలో హెచ్చరిక ఇప్పటికీ ఉంది.

పిత్తాశయం రాళ్ళ సంగతి దీనికన్నా గట్టిది, ముప్పు పెరుగుతుందని ప్రయోగాల్లోనే కనిపించింది. బరువు వేగంగా తగ్గినా రాళ్ళు వస్తాయి, పైగా జీఎల్‌పీ-1 సీసీకే మాటని అడ్డుకుని పిత్తాశయాన్ని సరిగ్గా ముడుచుకోనివ్వదు. నిలవున్న పైత్యరసం గడ్డకడుతుంది. ఆ రాయి జారి గొట్టంలో పడితే, అది పాంక్రియాస్ గొట్టంతో కలిసేచోట ఇరుక్కుంటే, ప్యాంక్రియాటైటిస్ రావచ్చు. పాంక్రియాస్ మీద పడ్డ నిందలో కొంత పిత్తాశయానికి చెందినదే కావచ్చనే వాళ్ళు ఇందుకే ఉన్నారు.

మొన్న పెద్దనాన్న అడిగారు, ఆ ఇంజెక్షన్ యాసిడ్‌ని కూడా తగ్గిస్తుందట కదా, అది వేయించుకుంటే ఈ మాత్ర మానేయొచ్చా అని. యాసిడ్‌ని కొంత తగ్గించేమాట నిజమే పెద్దనాన్నా, కానీ పొట్ట ఖాళీ అవడాన్ని కూడా ఆలస్యం చేస్తుంది, ఉన్న యాసిడ్, ఉన్న అన్నం ఎక్కువసేపు అక్కడే ఉండి పైకి తన్నొచ్చు, ఆ మందు దుష్ప్రభావాల జాబితాలో పుల్లటి తేన్పులు, గుండెల్లో మంట కూడా ఉన్నాయి అన్నాను. కాసేపు ఆలోచించి, "అయితే ఒకచోట తగ్గించి ఇంకోచోట పెంచుతుందన్నమాట" అని, సంచీలో మాత్రల డబ్బా ఉందో లేదో ఒకసారి తడిమి చూసుకున్నారు.